యార్క్ బొమ్మరైళ్ల సంతకు వెళ్లాలా, మానాలా: తేల్చుకునే పద్ధతి

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో యార్క్ అనే ఊరుంది. ఏటా ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి అక్కడి ఎగ్జిబిషన్ మైదానం బొమ్మరైళ్లతో నిండిపోతుంది. ట్రెయిన్ కలెక్టర్స్ అసోసియేషన్ అనే సంఘానికి చెందిన ఈస్టర్న్ డివిజన్ అనే ప్రాంతీయ విభాగం దీన్ని నడుపుతుంది. సంఘం 1954లో ఇదే రాష్ట్రంలోని యార్డ్‌లీలో పుట్టింది. అందరూ టీసీఏ అంటారు. రంగుల పేర్లు పెట్టిన పెద్ద పెద్ద హాళ్లు, వాటి నిండా బల్లలు, బల్లల మీద ఇంజన్లు, వ్యాగన్లు, సిగ్నళ్లు, ఖాళీ అట్టపెట్టెలు. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, రెండూ చేయకుండా కబుర్లు చెప్పుకుంటూ తిరిగేవాళ్లు. పాత బొమ్మరైళ్ల పిచ్చి ఉన్నవాళ్ల మధ్య 'యార్క్' అంటే చాలు, ఊరు కాదు, ఈ సంతే గుర్తుకొస్తుంది.

న్యూజెర్సీలోనో మేరీలాండ్‌లోనో వర్జీనియాలోనో ఉంటూ, పిల్లల కోసమని క్రిస్మస్‌కు ఒక రైలు సెట్టు కొని, పిల్లలు వదిలేశాక తామే పట్టుకున్న తెలుగువాళ్లు కొందరున్నారు. వాళ్లకు ఏదో ఒక రోజు యార్క్ ప్రశ్న ఎదురవుతుంది. 'బాగుంటుందా?' అని అడిగితే వెళ్లొచ్చిన ప్రతివాళ్లూ బాగుంటుందనే అంటారు. దానివల్ల మీకేమీ తేలదు. మీరు వెతికే వస్తువుల్లో చేతిలోకి తీసుకుని చూస్తే తప్ప కొనకూడనివి ఎన్ని ఉన్నాయి? తేల్చుకోవలసింది అది. ఈ మార్గదర్శి అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

1. మీ గేజ్ ఏదో చూసుకోండి

ఇది రెండు నిమిషాల పని, కానీ సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది. గేజ్ అంటే పట్టాల మధ్య దూరం. అది 16.5 మిల్లీమీటర్లయితే మీది హెచ్‌ఓ, అసలు రైలులో 87వ వంతు. 9 మిల్లీమీటర్లయితే ఎన్, 160వ వంతు. అంగుళంపావు, అంటే 31.75 మిల్లీమీటర్లుండి మధ్యలో మూడో పట్టా కూడా ఉంటే ఓ గేజ్, దాదాపు 48వ వంతు. వీటి మధ్యలో 64వ వంతు ఎస్ గేజ్ ఒకటుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికన్ ఫ్లయర్ బ్రాండు రైళ్లు ఆ కొలతలో, రెండే పట్టాలతో వచ్చాయి. ఇంకా వెనక్కి వెళితే, 1906లో లయొనెల్ కంపెనీ తెచ్చిన స్టాండర్డ్ గేజ్. రేకుతో చేసిన భారీ రైళ్లవి, పట్టాల మధ్య రెండు అంగుళాల పైచిలుకు ఉంటుంది.

యార్క్ ప్రధానంగా ఓ గేజ్ వాళ్లది, పాత రేకు రైళ్ల వాళ్లది, అందులోనూ లయొనెల్ అభిమానులది. జాషువా లయొనెల్ కొవెన్ 1900లో న్యూయార్క్‌లో మొదలుపెట్టిన ఆ కంపెనీ, 1950లలో అమెరికా మధ్యతరగతి ఇళ్లలో క్రిస్మస్ చెట్టు కింద తిష్ఠవేసింది. మూడో పట్టా చూడటానికి అసహజంగా ఉంటుందని హెచ్‌ఓ వాళ్లు ముక్కు విరుస్తారు. అయితే కరెంటు మధ్య పట్టా నుంచి వచ్చి పక్క పట్టాల గుండా తిరిగి వెళ్లే ఏర్పాటు వల్ల, రైలు లూపు తిరిగి తన దారిలోనే వెనక్కి వచ్చినా షార్ట్ సర్క్యూట్ కాదు. పిల్లలు ఎలా పట్టాలు అమర్చినా నడిచే రైలు కావాలంటే అది తెలివైన ఏర్పాటే.

మీది హెచ్‌ఓ, ఎన్ అయితే యార్క్‌లో మీకు దొరికేది తక్కువ. అసలు దొరకదని కాదు గానీ, ఆ కొద్దిపాటి సరుకు కోసం ప్రయాణం పెట్టుకోవద్దు. మీకు తగిన చోటు జనవరిలో మసాచుసెట్స్‌లోని వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆమ్‌హర్స్ట్ రైల్వే సొసైటీ పెట్టే ప్రదర్శన. అక్కడ లేఅవుట్లు, అంటే రైళ్లు నడుస్తూ ఉండే పట్టాల అమరికలు ఎక్కువ, ఎవరైనా టికెట్టు కొని వెళ్లవచ్చు. హెచ్‌ఓ పాఠకులు ఇక్కడ ఆగిపోయినా నష్టం లేదు.

2. కావలసినవాటి జాబితా రాసి మూడుగా విడగొట్టండి

ఒక కాగితం తీసుకోండి. మీకు కావలసినవన్నీ రాయండి. 'ఏదైనా మంచి ఇంజను' లాంటి మాటలు జాబితాలోకి రావు. తయారీదారు, నంబరు, ఎంతవరకు పెట్టగలరు, ఈ మూడూ ఉంటేనే అది జాబితా. తర్వాత ప్రతి వస్తువునూ మూడు గుంపుల్లో ఒకదానిలో వేయండి.

మొదటి గుంపు, ఎక్కడ కొన్నా ఒకటే అయినవి. కొత్త పట్టాలు, కొత్త సెట్లు, బల్బులు, నూనె, చక్రాలు. వీటిని ఇంట్లో కూర్చుని తెప్పించుకోవచ్చు. వీటి కోసం యార్క్ వెళ్లడం, పక్క వీధిలో దొరికే కందిపప్పు కోసం జిల్లా కేంద్రానికి వెళ్లడమే.

రెండో గుంపు, ఫోటో చూసి కొంటే మోసపోయే అవకాశం ఉన్నవి. యార్క్‌కు వెళ్లాలా అన్నది తేల్చేది ఈ గుంపే కాబట్టి కొంచెం వివరంగా చూద్దాం.

సేకర్తలు లయొనెల్ చరిత్రను మూడు భాగాలుగా చూస్తారు. యుద్ధం వల్ల 1942లో బొమ్మల తయారీ ఆగిపోయేదాకా ఒకటి, 1945 నుంచి 1969 దాకా ఒకటి, 1970 తర్వాతది ఆధునికం. మొదటి రెండు భాగాల సరుకులో ఫోటోకు అందని లోపాలు బోలెడు. యుద్ధానికి ముందు జింకు మిశ్రమంతో పోతపోసిన భాగాల్లో సీసం వంటి కల్మషం కలిసినచోట, దశాబ్దాలు గడిచేకొద్దీ లోహం ఉబ్బి, బీటలువారి, చివరికి పొడిగా రాలిపోతుంది. మొదటి దశలో ఉన్న బీటలు వెంట్రుకల్లా ఉంటాయి, ఫోనులో తీసిన ఫోటోలో కనిపించవు. యుద్ధం తర్వాతి డీజిల్ ఇంజన్లలో హారన్ మోగడానికి లోపల టార్చిలైటు బ్యాటరీ పెట్టేవాళ్లు. దాన్ని తీయడం మరిచిపోతే అది కారి అడుగు రేకును తినేస్తుంది. పైనుంచి చూస్తే ఇంజను మెరిసిపోతూనే ఉంటుంది, తిరగేస్తే తప్ప తెలియదు. అమ్మకందారు పెట్టిన ఫోటోల్లో అడుగుభాగం లేకపోతే ఎందుకు లేదో ఊహించుకోవచ్చు.

ఇక నకిలీలు. 1957లో లయొనెల్ ఆడపిల్లల కోసమని గులాబీరంగు ఆవిరి ఇంజను, లేత రంగుల వ్యాగన్లతో ఒక సెట్టు తెచ్చింది. ఇంజను నంబరు 2037-500. రైలంటే నల్లగా ఉండాలని ఆడపిల్లలు కూడా అనుకున్నారు కాబోలు, అది అమ్ముడుపోలేదు. అమ్ముడుపోలేదు గనుకనే ఇప్పుడు అరుదు, అరుదు గనుక ఖరీదు, ఖరీదు గనుక మామూలు 2037కు గులాబీరంగు పూసి అమ్మేవాళ్లూ తయారయ్యారు. లయొనెల్ తానే 1991లో ఈ సెట్టును మళ్లీ తయారుచేసింది కూడా. పాత అట్టపెట్టెలకు కూడా కొత్త నకళ్లు వస్తున్నాయి. రైలు కన్నా దాని పెట్టెకే ఎక్కువ ధర పలికే సందర్భాలున్న మార్కెట్టులో ఇది వింతేమీ కాదు. ఇలాంటివి మీ జాబితాలో ఉంటే వస్తువును చేతిలో పెట్టుకుని, వెలుతురులో తిప్పి, పక్కన నిజమైనది పెట్టి పోల్చుకోవాలి. ఒకే కప్పు కింద ఒకే నంబరువి నాలుగైదు కనిపించే చోటు యార్క్.

మూడో గుంపు, పేరు తెలియని వస్తువులు. మీ ఇంట్లో ఉన్న ఇంజనుకు విరిగిన మెట్టు, పోయిన తలుపు, అరిగిన గేరు. ఇలాంటి విడిభాగాలను డబ్బాల్లో పోసుకుని కూర్చునేవాళ్లు అక్కడుంటారు. విరిగిన ముక్కను చూపిస్తే నంబరు చెప్పి తీసిస్తారు. ఇంటర్నెట్టులో వెతకాలంటే ముందు దాని పేరు తెలియాలి కదా.

ఇప్పుడు లెక్క చూసుకోండి. రెండో, మూడో గుంపుల్లో కనీసం అరడజను వస్తువులుంటే తర్వాతి మెట్టుకు వెళ్లండి. అన్నీ మొదటి గుంపులోనే పడితే ఈ ఏడాదికి యార్క్ మీకు పర్యాటక స్థలమే. అలా వెళ్లడం తప్పేమీ కాదు, కానీ కొనుగోలు సాకు మాత్రం చెప్పుకోకండి.

3. లోపలికి రానిస్తారా?

ఇది సభ్యుల సంఘం నడిపే సంత. ఒకప్పుడు సభ్యత్వం లేకుండా గుమ్మం దాటడమే కుదిరేది కాదు. తర్వాత కొన్ని హాళ్లలోకి బయటివాళ్లనూ రానివ్వడం మొదలుపెట్టారు. ఏ హాల్లోకి ఎవరు, ఏ రోజున, ఎంత రుసుముతో అన్న నియమాలు మారుతూ వచ్చాయి కాబట్టి, పాత సమాచారం నమ్మకుండా రాబోయే సంతకు ఈస్టర్న్ డివిజన్ ప్రకటించిన నియమాలనే చదవండి. చూడవలసినవి మూడు: సభ్యత్వం లేనివారికి ఏ హాళ్లు తెరుస్తారు, భార్యాభర్తలకూ పిల్లలకూ విడిగా రుసుముందా, ముందే నమోదు చేసుకుంటే ఎంత, అక్కడికక్కడ ఎంత.

పెద్ద కంపెనీలు, దుకాణదారులు ఉండే హాళ్లు ఒక రకం. వ్యక్తులు తమ అటకల మీది సరుకు తెచ్చి పెట్టుకునే హాళ్లు ఇంకో రకం. మీ రెండో, మూడో గుంపుల వస్తువులు ఈ రెండో రకం హాళ్లలోనే దొరుకుతాయి. వాటికి సభ్యత్వం కావలసి ఉంటే, సభ్యత్వ రుసుమును కూడా ప్రయాణ ఖర్చులో కలిపి చూడండి. ఒక్క సంత కోసం సభ్యత్వం తీసుకోవడం గిట్టదు. ఏప్రిల్, అక్టోబర్ రెండింటికీ వెళతారనుకుంటే, మధ్యలో మీ దగ్గరి డివిజన్ పెట్టే చిన్న సంతలకూ వెళతారనుకుంటే గిడుతుంది.

4. తేదీ, సెలవు, పండగ

సంత వారాంతంలో ఉంటుందనుకుని చాలామంది పొరబడతారు. ఊపంతా గురు, శుక్రవారాల్లోనే. శనివారం మధ్యాహ్నానికి చాలామంది బల్లలు సర్దేసి వ్యాన్లలోకి ఎక్కించేస్తారు. దానికీ ముందే, వారం మొదట్లో, చుట్టుపక్కల హోటళ్లలో, పార్కింగు స్థలాల్లో అనధికారిక బేరాలు జరుగుతాయి. వాటికి బాండిట్ మీట్లని పేరు. ముదురు సేకర్తలు ముందుగా అక్కడే గాలిస్తారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు వాటి జోలి అనవసరం. ధరలు తెలియకుండా హడావుడి బేరంలోకి దిగితే నష్టపోయేది కొత్తవాళ్లే.

కాబట్టి సెలవు పెట్టగలిగితే శుక్రవారం ఒక్కరోజు పెట్టండి. గురువారం కూడా దొరికితే ఇంకా మంచిది. శనివారం ఒక్కటే మీకు వీలైతే, చివరి గంటల్లో వెనక్కి మోసుకెళ్లలేక ధర తగ్గించేవాళ్లు కొందరుంటారు గానీ, మీ జాబితాలోనిది అప్పటిదాకా మిగిలి ఉంటుందనే నమ్మకం లేదు. ఈ ఒక్క కారణంతోనే, దూరం నుంచి వచ్చేవాళ్లలో శనివారం మాత్రమే కుదిరేవాళ్లకు నేనైతే వద్దనే చెబుతాను.

తెలుగిళ్లలో అక్టోబర్ అంటే దసరా, బతుకమ్మ, కొన్ని ఏళ్లలో దీపావళి కూడా. ఏప్రిల్‌లో ఉగాదో శ్రీరామనవమో తగలవచ్చు, పైగా 15వ తేదీ ఆదాయపు పన్ను గడువు. ఇంట్లో బొమ్మల కొలువు పెట్టిన రోజున మీరు వేరే బొమ్మల కొలువుకు వెళతానంటే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. తేదీలు ప్రకటించగానే పంచాంగం పక్కన పెట్టి చూసుకోండి.

5. డబ్బు లెక్క

యార్క్ ఫిలడెల్ఫియాకు సుమారు 100 మైళ్లు, బాల్టిమోర్‌కు 50, హారిస్‌బర్గ్‌కు 25. చివరి రెండింటినీ ఐ-83 రహదారి కలుపుతుంది. రైళ్ల పండగ జరిగే ఈ ఊరికి ప్రయాణికుల రైలు లేదు. ఆమ్‌ట్రాక్‌లో వచ్చేవాళ్లు లాంకాస్టర్‌లోనో హారిస్‌బర్గ్‌లోనో దిగి కారు చూసుకోవాలి. సంత వారంలో గదుల ధరలు పెరుగుతాయి, నెలల ముందే నిండిపోతాయి. బాల్టిమోర్, హారిస్‌బర్గ్ చుట్టుపక్కల ఉండేవాళ్లు పొద్దున్నే బయలుదేరి రాత్రికి ఇంటికి చేరవచ్చు. ఎడిసన్ నుంచి కూడా కుదురుతుంది గానీ, రోజంతా సిమెంటు నేల మీద నడిచి మళ్లీ 150 మైళ్లు నడపడం ఎలా ఉంటుందో ఆలోచించుకోండి.

'అక్కడ చవక కదా' అన్న వాదనను లెక్క వేసి చూద్దాం. ఇవి ఉదాహరణ అంకెలు మాత్రమే, మీ అంకెలు మీరు వేసుకోండి. పెట్రోలు, టోలు, ఒక రాత్రి గది, తిండి, ప్రవేశం కలిపి 350 డాలర్లు అయిందనుకుందాం. ఒక వ్యాగన్ ఆన్‌లైన్‌లో కన్నా అక్కడ 20 డాలర్లు తక్కువకు వచ్చి, పోస్టేజీ మరో 15 మిగిలిందనుకుందాం. వ్యాగన్‌కు 35. ఖర్చు రాబట్టుకోవాలంటే పది వ్యాగన్లు కొనాలి. మీ జాబితాలో ఉన్నవి నాలుగైతే మిగిలిన ఆరూ మీకు అక్కరలేనివి. మిగులు కోసం వెళ్లడం ఎవరికీ గిట్టదు, ట్రక్కు నిండా కొనే వ్యాపారులకు తప్ప. మీరు పెట్టే ఖర్చు చెడ్డ వస్తువు కొనకుండా తప్పించుకోవడానికి కడుతున్న రుసుము. రెండో గుంపులోని ఒక వస్తువు విలువ 500, 600 డాలర్లుంటే ఆ రుసుము న్యాయమే. జాబితా అంతా 40 డాలర్ల వ్యాగన్లయితే న్యాయం కాదు. 1953లో మొదలైన లయొనెల్ 6464 బాక్స్‌కార్లలో మామూలువి ఎక్కడైనా దొరుకుతాయి. వాటి కోసం గది తీసుకోకండి. అరుదైన రంగు తేడాల కోసమైతే అది వేరే సంగతి.

ఇంకో మాట. ఇవి పెట్టుబడులని ఎవరైనా అంటే వినకండి. చిన్నప్పుడు వీటితో ఆడుకున్న తరం పెద్దదైపోతోంది, వాళ్ల సేకరణలు ఒకదాని తర్వాత ఒకటి మార్కెట్టులోకి వస్తున్నాయి, మామూలు సరుకు ధరలు తగ్గాయి. ఆడుకోవడానికి కొనేవాళ్లకు మాత్రం ఇదే మంచి కాలం.

6. ఇండియాకు పంపాలనుకుంటే

మేనల్లుడికి పంపుదామనో, తిరిగి వెళ్లేటప్పుడు పట్టుకెళదామనో కొనేవాళ్లు ఈ భాగం చదవకుండా నిర్ణయం తీసుకోవద్దు. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్. మనకు 230, 50. యుద్ధం తర్వాత వచ్చిన జెడ్‌డబ్ల్యూ వంటి బరువైన ట్రాన్స్‌ఫార్మర్లను హైదరాబాద్‌లో నేరుగా ప్లగ్గులో పెడితే కాలిపోతాయి. వోల్టేజీ తగ్గించే కన్వర్టర్ పెట్టినా 50 హెర్ట్‌జ్ దగ్గర అవి మామూలు కన్నా ఎక్కువ వేడెక్కుతాయి. కాబట్టి రైలు మాత్రం కొని, ట్రాన్స్‌ఫార్మర్ కొనకండి. కొత్త సెట్లతో వచ్చే అడాప్టర్ మీద 100–240 అని రాసి ఉంటే ప్లగ్గు మార్చుకుంటే చాలు.

బరువు కూడా చూడండి. పోతలోహపు ఓ గేజ్ ఇంజను ఒక్కటే కిలోలు తూగుతుంది. అట్టపెట్టెలతో సహా తీసుకెళితే సూట్‌కేసులో చాక్లెట్లకు చోటుండదు. చిన్నపిల్లలకైతే 1970ల ముందరి రంగు వేసిన బొమ్మలు అసలు ఇవ్వకండి. పాత రంగుల్లో సీసం ఉండేది, పసివాళ్లు దేన్నైనా నోట్లో పెట్టుకుంటారు.

7. ఎవరితో వెళ్లాలి

ఒక్కరే వెళ్లడం మేలు. నిజం చెప్పాలంటే, ఆసక్తి లేని మనిషికి యార్క్ హాళ్లలో గంట గడవడం కష్టం. బల్ల తర్వాత బల్ల, నడిచే రైళ్ల కన్నా నిలబడ్డ రైళ్లే ఎక్కువ. ఎక్కువమంది పెద్దవయసు వాళ్లు. మనవాళ్లు అరుదు, అయినా పలకరించి మాట కలపడానికి వాళ్లకు మీరొక ఇంజను చేతిలోకి తీసుకోవడమే చాలు. మీ చిన్నప్పుడు కాజీపేటలోనో బెజవాడలోనో చూసిన ఆవిరి ఇంజన్ల గురించి ఒక ముక్క చెప్పి చూడండి, వాళ్లే కుర్చీ లాగి వేస్తారు.

కుటుంబంతో వెళ్లక తప్పకపోతే రోజును రెండుగా చీల్చండి. లాంకాస్టర్ దాటి కాస్త తూర్పున స్ట్రాస్‌బర్గ్ అనే చిన్న ఊరుంది. 1832లో అనుమతిపత్రం పొందిన స్ట్రాస్‌బర్గ్ రైల్‌రోడ్ అక్కడ ఇప్పటికీ ఆవిరి ఇంజన్లతో పొలాల మధ్య రైలు నడుపుతోంది. రోడ్డు దాటితే పెన్సిల్వేనియా రైల్‌రోడ్ మ్యూజియం, దగ్గరలోనే టీసీఏ వాళ్ల నేషనల్ టాయ్ ట్రెయిన్ మ్యూజియం. పిల్లలకు అక్కడ పండగే. అవి తెరిచే రోజులు కాలాన్నిబట్టి మారతాయి, ముందే చూసుకోండి. మైదానంలో శాకాహారులకు వేయించిన బంగాళాదుంపలు తప్ప పెద్దగా దిక్కుండదు. పులిహోర కట్టుకెళ్లండి.

8. ఇక తేల్చేయండి

ఓ గేజ్ లేదా రేకు రైళ్లు మీవి, చేతితో చూడవలసినవి అరడజను ఉన్నాయి, గురువారమో శుక్రవారమో సెలవు దొరుకుతుంది. ఈ మూడూ అవునైతే వెళ్లండి, మిగతావన్నీ సర్దుకుంటాయి. మూడింటిలో ఒకటి కాదంటే డబ్బు లెక్క మళ్లీ చూసి, దూరం 100 మైళ్ల లోపైతేనే వెళ్లండి. రెండు కాదంటే ఈసారికి మానండి. రెండు గంటల కన్నా ఎక్కువ ఊగిసలాడితే మీకు సంత మీద ఇష్టముంది గానీ కొనవలసినవేమీ లేవన్నమాట. అప్పుడు డబ్బు తీసుకెళ్లకుండా చూడటానికి వెళ్లండి.

9. వెళుతున్నవాళ్లు బల్ల దగ్గర చేయవలసినవి

జేబులో జాబితా, చిన్న టార్చి, భూతద్దం, చిన్న అయస్కాంతం, 20 డాలర్ల నోట్లు. కార్డులు తీసుకునేవాళ్లున్నా, వ్యక్తుల బల్లల దగ్గర నోటే మాట్లాడుతుంది. ప్రతి వస్తువుకూ పక్కన గరిష్ఠ ధర రాసుకోండి. ఆ ధర ఆన్‌లైన్‌లో అడుగుతున్న ధరల నుంచి తీయకండి, నిజంగా అమ్ముడైన ధరల నుంచి తీయండి. అడగడానికి ఎవరైనా ఎంతైనా అడుగుతారు.

మొదటి గంటలో ఏమీ కొనకండి. ఒక హాలు మొత్తం తిరిగి, మీ జాబితాలోనివి ఏ బల్ల మీద ఎంతకున్నాయో గుర్తు పెట్టుకోండి. దీనికి ఒక మినహాయింపు ఉంది. మీరు ఏళ్లుగా వెతుకుతున్నది మీరు రాసుకున్న ధర కన్నా తక్కువకు కనిపిస్తే అప్పుడే తీసుకోండి, తిరిగొచ్చేసరికి ఉండదు.

ధర చీటీ మీద సీ-6, సీ-8 లాంటి గుర్తులుంటాయి. ఇవి టీసీఏ పెట్టిన స్థాయిలు. సీ-10 అంటే వాడనిది, మచ్చలేనిది. సీ-8 కొత్తదానిలాంటిది. సీ-7 అద్భుతంగా ఉన్నది, సీ-6 చాలా బాగున్నది, సీ-5 బాగున్నది. సీ-1 విడిభాగాలకు మాత్రమే. అమ్మేవాళ్లంతా ఒక మెట్టు ఎక్కువే వేసుకుంటారని లెక్క పెట్టుకుని మీరే మళ్లీ వేయండి. నడిపి ఆనందించేవాళ్లకు సీ-6 చాలు. సీ-8కి పెట్టే అదనపు డబ్బంతా పట్టాల మీద పెట్టడానికి భయపడేందుకే పనికొస్తుంది.

వస్తువును తాకేముందు అడగండి. చేతిలోకి తీసుకున్నాక మొదట తిరగేయండి. చక్రాల అంచులు గుంటలు పడ్డాయా, కరెంటు తీసుకునే రోలర్లు చదునుగా అరిగాయా, బ్యాటరీ ఉండే చోట తెల్లటి పొడో తుప్పో ఉందా, స్క్రూల తలల మీది గాడులు చెరిగి ఉన్నాయా. చెరిగి ఉంటే ఎవరో విప్పారు. అది తప్పు కాదు, ఎందుకు విప్పారో అడగండి. తర్వాత అంచుల దగ్గర, అక్షరాల చుట్టూ రంగు మందం చూడండి. మళ్లీ రంగు వేసినచోట చిన్న చిన్న రివెట్లు మొండిగా కనిపిస్తాయి. పోతలోహం బీటలకు టార్చిని పక్కనుంచి వేయండి. అయస్కాంతంతో ఇనుప రేకేదో, జింకు పోత ఏదో తెలుస్తుంది. నడిపి చూపించమని అడగడంలో మొహమాటం వద్దు. పరీక్షించే పట్టా అందుబాటులో ఉందో లేదో అమ్మేవాళ్లే చెబుతారు. లేదంటే 'నడవకపోతే తిరిగి తీసుకుంటారా?' అని అడిగి, ఏ హాలు, ఏ బల్ల అన్నది రాసుకోండి.

పాత ఇంజనుకూ కొత్త ఇంజనుకూ చూసే తీరు వేరు. 1950ల ఇంజనులో మోటారు, దిశ మార్చే మీట, నాలుగు తీగలు ఉంటాయి. స్క్రూడ్రైవరు, కాస్త ఓపిక ఉంటే మీరే బాగుచేసుకోవచ్చు. 1990ల తర్వాతి ఇంజన్లలో రిమోట్‌తో నడిచే, శబ్దం చేసే సర్క్యూట్ బోర్డులుంటాయి. అవి పాడై, ఆ బోర్డు ఇప్పుడు తయారుకాకపోతే ఆ ఇంజను అలంకారానికే. అందుకే వాడిన కొత్తతరం ఇంజన్లను నడిపి చూడకుండా ఎంత చవకైనా కొనవద్దు.

బేరం ఆడవచ్చు. కోఠిలో ఆడినట్టు సగానికి అడిగితే మాత్రం మొహం తిప్పేసుకుంటారు. 'ఇంకేమైనా తగ్గించగలరా?' అని ఒకసారి అడగండి. పదో పదిహేనో శాతం తగ్గితే సంతోషం, లేకపోతే నమస్కారం పెట్టి కదలండి. రెండు మూడు వస్తువులు కలిపి అడిగితే ఎక్కువ తగ్గుతుంది. పక్కవాళ్లు బేరం చేస్తున్న వస్తువు గురించి ధర అడగకూడదు. వాళ్లు కింద పెట్టి వెళ్లాకే మీ వంతు. ఫోను తీసి ఆన్‌లైన్ ధర అమ్మేవాళ్ల మొహం ముందు పెట్టడం కన్నా వాళ్లకు చిరాకు తెప్పించేది ఇంకొకటి లేదు.

10. మానుకున్నవాళ్లు చేయవలసినవి

జాబితాను పారేయకండి. టీసీఏకు అమెరికా అంతటా డివిజన్లున్నాయి, వాటిలో చాలావరకు పెద్ద ఊళ్ల చుట్టుపక్కల చిన్న చిన్న సంతలు పెడతాయి. చర్చి హాల్లోనో అగ్నిమాపక కేంద్రంలోనో ఒక ఆదివారం పొద్దున్న జరిగే సంతలో బల్లలు తక్కువ, జనం తక్కువ, తీరిక ఎక్కువ. నేర్చుకోవడానికి యార్క్ కన్నా అదే నయం. మొదటిసారి ఇంజను తిరగేసి చూడటం, సీ-6కీ సీ-7కీ తేడా పట్టుకోవడం అక్కడ అలవాటు చేసుకుని, తర్వాతి ఏప్రిల్‌కు యార్క్ వెళితే మీ కళ్లు వేరుగా పనిచేస్తాయి.

ఈలోగా రెండో గుంపులోని వస్తువును ఆన్‌లైన్‌లో కొనక తప్పదనుకుంటే, అడుగుభాగం ఫోటో, బ్యాటరీ ఉండే చోటు ఫోటో, నడుస్తున్న వీడియో అడగండి. పంపనివాళ్ల దగ్గర కొనకండి. తిరిగి తీసుకునే షరతు రాతలో ఉండాలి.

ఇంకా ఎటూ తేలనివాళ్లు రుసుము లేకుండా రద్దు చేసుకోగలిగే గదిని ఇప్పుడే పట్టుకుని, ఆ గడువు తేదీకి రెండు రోజుల ముందు ఫోనులో అలారం పెట్టుకోండి. ఆ రోజు మళ్లీ ఎనిమిదో మెట్టు చదివి, ఉంచుకోవడమో వదులుకోవడమో చేయండి. అనుమానంతో గది అట్టే పెట్టుకుంటే హోటలు వాళ్లు డబ్బు తీసేసుకుంటారు.